హాస్టల్లో ఉండే మన పిల్లలకు: కూర్చునే గంటలు తగ్గించుకోవడం ఎట్టా

మా వైపు చదువుకునే పిల్లాడిని మెచ్చుకోవాలంటే "కూర్చున్న చోటు నుంచి కదలడమ్మా, అంత బుద్ధిగా చదువుతాడు" అంటారు. మా అమ్మ కూడా నా గురించి ఇరుగుపొరుగుకి అట్టాగే చెప్పేది. కోవూరు పక్క పల్లెలో నాట్లకీ కలుపులకీ వంగి వంగి నడుం పోగొట్టుకున్న మనిషి, కొడుకు నీడపట్టున కూర్చుని చేసుకునే ఉద్యోగం చేయాలని కోరుకోవడంలో తప్పేమీ లేదు. ఇంటర్ రెండేళ్లూ ఒక కాలేజీ హాస్టల్లో తెల్లవారుజామున అయిదున్నరకి స్టడీ అవర్లో కూర్చోబెడితే రాత్రి పదింటికి లేపేవాళ్లు, మధ్యలో నీళ్లకి లేచినా అరిచేవాళ్లు. ఆ అలవాటుతోనే డిగ్రీ అయిపోయింది, ఆ అలవాటుతోనే పీజీలో చేరాను.

పీజీ రెండో సెమిస్టర్లో ఒక రాత్రి రికార్డు రాసి రాసి భోజనానికి లేవబోతే నడుం పట్టేసింది. కుడి కాలు మోకాలి కింద నుంచి ఒకటే తిమ్మిరి. రూమ్మేట్ భుజం పట్టుకుని మెట్లు దిగాను. మర్నాడు నెల్లూరులో చూపించుకుంటే డాక్టరు గారు నడుం చూసి, ఎందుకైనా మంచిదని రక్తపరీక్ష కూడా రాశారు. పరగడుపు షుగర్ 108 వచ్చింది. 100 నుంచి 125 లోపు ఉంటే షుగర్ ఇంకా రాలేదు గానీ వచ్చే దారిలో ఉందని లెక్క. నాకప్పుడు ఇరవై రెండేళ్లు, లావు కూడా కాదు. "రోజూ పొద్దున అరగంట గ్రౌండులో పరిగెత్తుతాను సార్" అన్నాను. "బాగుంది, మిగతా పద్నాలుగు గంటలు ఏం చేస్తావు?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు.

అప్పట్నుంచి నేను చేసుకున్న మార్పులు, నా తర్వాత హాస్టల్లో చేరిన తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ చెప్పి చేయించినవి, ఏవి నిలబడ్డాయో ఏవి వారానికే మూలపడ్డాయో చూసుకుని ఇక్కడ రాస్తున్నాను.

ముందు అసలు సంగతి

వ్యాయామం చేయకపోవడం ఒక సమస్య. గంటల తరబడి కూర్చోవడం ఇంకో సమస్య. ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. పొద్దున్నే ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో చెమటోడ్చి వచ్చిన కుర్రాడు కూడా ఆ తర్వాత బస్సులో, క్లాసులో, మంచం మీద కలిపి పదమూడు గంటలు కూర్చుంటే అతని కాళ్లు రోజులో ఎక్కువ భాగం ఖాళీగా ఉన్నట్టే.

మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి వస్తుంది. దాన్ని ఎక్కువగా తీసుకునేవి కండరాలు, అందులోనూ తొడలు, పిరుదులు, పిక్కల్లో ఉండే పెద్ద కండరాలు. అవి పనిలో ఉంటే ఇన్సులిన్ మీద పెద్దగా ఆధారపడకుండానే చక్కెరను లాక్కుంటాయి. కూర్చున్నామంటే మూడూ ఒక్కసారే పని ఆపేస్తాయి. పిక్కలకు ఇంకో పని కూడా ఉంది, అడుగు వేసినప్పుడల్లా కాళ్లలోకి దిగిన రక్తాన్ని పిండి పైకి పంపుతాయి. రోజంతా బెంచీ మీద కాళ్లు వేలాడేసి కూర్చున్న రోజు సాయంత్రం సాక్స్ తీస్తే చర్మం మీద గుండ్రంగా గాడి పడి ఉంటుంది చూడండి, కిందికి దిగిన నీరు పైకి పోక అక్కడే నిలబడిన గుర్తు అది.

ఇది ఇప్పుడు కనిపెట్టిన సంగతి కాదు. 1953లోనే జెర్రీ మోరిస్ అనే డాక్టరు లండన్ బస్సుల్లో పనిచేసేవాళ్లను పరిశీలించి, సీట్లో కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వస్తోందని చూపించాడు. 2016లో పది లక్షల మందికి పైగా వివరాలు కలిపి చూసిన పరిశోధన ఒకటి వచ్చింది. రోజుకి ఎనిమిది గంటలకు మించి కూర్చునేవాళ్లకు ఆ నష్టం పూడాలంటే రోజూ 60 నుంచి 75 నిమిషాల పాటు చురుగ్గా నడవడం లాంటి శ్రమ కావాలని అందులో తేలింది. సెమిస్టర్ మధ్యలో రోజూ గంటంపావు ఎంతమందికి కుదురుతుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2020 సూచనల్లో వారానికి 150 నుంచి 300 నిమిషాల శ్రమ అని చెప్పి వదిలేయలేదు, కూర్చునే సమయం తగ్గించుకోమని విడిగా చెప్పింది. పైగా మన దక్షిణాసియా వాళ్లకు సన్నగా కనబడుతున్నా పొట్ట చుట్టూ కొవ్వు చేరడం, చిన్న వయసులోనే షుగర్ రావడం ఎక్కువ. అందుకే బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) 25 దాకా ఆగకుండా 23 దాటినప్పుడే జాగ్రత్త పడమంటారు. 2023లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ల అధ్యయనం ఒకటి వచ్చింది, దాని ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు పది కోట్ల పైమాటే.

సరే, ఇక పనిలోకి.

మొదటి పని: మూడు రోజులు లెక్క రాయండి

యాప్ అక్కర్లేదు. పాత నోట్‌బుక్కులో ఒక పేజీ తీసి, లేచినప్పటి నుంచి పడుకునే దాకా అరగంటకో గడి గీసుకోండి. ఆ అరగంటలో ఎక్కువసేపు కూర్చునో, మెలకువగా పడుకునో ఉంటే "కూ" అని రాయండి, నిలబడో నడుస్తూనో ఉంటే ఖాళీగా వదిలేయండి. నిద్ర ఇందులోకి రాదు. రెండు క్లాసు రోజులు, ఒక ఆదివారం రాస్తే మీ పరిస్థితి మీకే తెలిసిపోతుంది.

నా లెక్కలో క్లాసు, ల్యాబు కలిపి అయిదున్నర గంటలు, బస్సు గంటన్నర, తిండికి గంట, చదువు మూడు, ఫోను రెండున్నర వచ్చాయి, మొత్తం పదమూడున్నర గంటలు. క్లాసుల వల్లే ఇదంతా అనుకునేవాణ్ణి. ఆదివారం పేజీ చూస్తే పద్నాలుగుకి పైన ఉంది. క్లాసు లేని రోజే ఎక్కువ కూర్చున్నాను. అంటే తప్పు టైంటేబుల్‌లో లేదు, నా గదిలో ఉంది. ఈ ఒక్క సంగతి తెలియడం కోసమైనా లెక్క రాయండి, దయచేసి ఈ పని దాటేయకండి.

రెండో పని: మంచం ఖాళీ చేయండి

నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను.

హాస్టల్ మంచం ఒకసారి నిలబడి చూడండి. తలగడ పక్కనే ఎక్స్‌టెన్షన్ బాక్సు, దానికి ల్యాప్‌టాప్ ఛార్జరు, ఫోను ఛార్జరు. గోడవైపు జెరాక్స్ నోట్సుల కట్ట. కాళ్ల దగ్గర రెండు లీటర్ల నీళ్ల బాటిల్, బిస్కెట్ ప్యాకెట్, ఇయర్‌ఫోన్లు. పరుపు మధ్యలో, సరిగ్గా మనం గోడకి ఆనుకుని కూర్చునే చోట, గుంట పడి ఉంటుంది. చెయ్యి చాపితే అన్నీ అందుతాయి, ఇక లేవాల్సిన అవసరం ఎక్కడుంది? మనిషి బద్ధకస్తుడని తిట్టుకుని లాభం లేదు, ఆ గదిలో ఎవరున్నా అట్టాగే కూర్చుంటారు.

కాబట్టి వస్తువులు చెయ్యి అందే చోటు నుంచి తీసేయండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు తలుపు దగ్గరి ప్లగ్గుకి మార్చండి. ఫోను ఛార్జింగ్ అక్కడే, ఛార్జింగులో ఉన్నంతసేపూ ఫోను చూడాలంటే అక్కడే నిలబడి చూడాలి. పుస్తకాలు, నోట్సులు కిటికీ గూట్లో గానీ అల్మరాలో గానీ పెట్టి, చదివే సబ్జెక్టు ఒక్కటే తెచ్చుకోండి, అది అయ్యాక లేచి మార్చుకోండి. తినేవి ట్రంకు పెట్టెలో. మంచం మీద దుప్పటి, దిండు తప్ప ఇంకేమీ ఉండకూడదు. కుర్చీ, టేబులు ఉంటే అక్కడే చదవండి. లేకపోతే చాప వేసుకుని నేల మీద కూర్చున్నా మంచం కంటే మేలే, ఎందుకంటే నేల మీద అరగంట కూర్చునేసరికి కాళ్లు వాటంతట అవే లేవమంటాయి.

మొదటి వారం విసుగ్గా ఉంటుంది. నాలుగో రోజు నా ఛార్జరు మళ్లీ దిండు పక్కకి వచ్చేసింది. మళ్లీ తీసుకెళ్లి తలుపు దగ్గర పెట్టాను. రూమ్మేట్స్‌తో ముందే మాట్లాడుకుంటే తేలిక, ముగ్గురూ ఒకేసారి మార్చుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

మూడో పని: చిన్న బాటిల్ వాడండి

రెండు లీటర్ల బాటిల్ ఎవరికైనా ఇచ్చేసి అర లీటరుది కొనుక్కోండి. మన ఎండలకి రోజుకి మూడు లీటర్లైనా తాగాలి, అంటే వరండా చివర ఫిల్టరు దగ్గరికి కనీసం ఆరుసార్లు నడుస్తారు. నీళ్లు తాగితే బాత్రూంకి ఎట్టాగూ లేవాలి. అలారాలు పెట్టుకున్నవాళ్లు నాలుగు రోజులకి ఆపేశారు, చిన్న బాటిల్ మాత్రం సంవత్సరం తర్వాత కూడా పనిచేస్తోంది.

నాలుగో పని: అరగంటకోసారి లేవండి

ఎంతసేపు కూర్చున్నామన్నది ఎంత ముఖ్యమో, ఏకబిగిన కూర్చున్నామా, మధ్యలో లేచామా అన్నది కూడా అంతే ముఖ్యం. 2012లో ఆస్ట్రేలియాలో చేసిన ఒక పరిశోధనలో, లావుగా ఉన్న పెద్దవాళ్లను కూర్చోబెట్టి మధ్యలో ఇరవై నిమిషాలకోసారి రెండు నిమిషాలు మెల్లగా నడిపిస్తే, అసలు లేవని రోజు కంటే తిన్నాక రక్తంలో పెరిగే చక్కెర తగ్గింది. రెండు నిమిషాలే, అదీ మెల్లగా.

గడియారం చూసి లేవడం చదువులో కుదరదు, ధ్యాస పోతుంది. నేను చేసేదేమిటంటే ఒక టాపిక్ మొదలుపెట్టేముందు ఎక్కడ ఆపాలో పెన్సిలుతో గీత పెడతాను, నాలుగైదు పేజీల తర్వాత. గీత దగ్గరికి రాగానే పుస్తకం మూసి లేచి, వరండా చివరిదాకా పోయి వస్తూ ఇప్పుడే చదివింది పైకి చెప్పుకుంటాను. గుర్తులేనిది అక్కడే తెలిసిపోతుంది, తిరిగి వచ్చి అది చూసుకుంటాను. ఇట్టా చదివితే టైము పోతుందని భయపడకండి, నాకు మాత్రం మార్కులేమీ తగ్గలేదు.

బయటికి పోవడానికి వీల్లేకపోతే నిలబడిన చోటే మడమలు ఎత్తి దించడం ఇరవై సార్లు, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిసార్లు చేయండి. బట్టీ పట్టాల్సినవి, ఫార్ములాలు, డెఫినిషన్లు నిలబడి చదవండి. కిటికీ గూడు ఛాతీ ఎత్తులో ఉంటే పుస్తకం పెట్టుకోవడానికి భలే అనువుగా ఉంటుంది. అట్టాగని మూడు గంటలు కదలకుండా నిలబడినా మంచిది కాదు, కాళ్లు లాగేస్తాయి. కావాల్సింది మార్పు, కాసేపు కూర్చోవడం, కాసేపు నిలబడటం, కాసేపు నడవడం.

క్లాసులో ఏం చేయాలి

కాకుటూరులో విక్రమ సింహపురి యూనివర్సిటీ అయినా, ఒంగోలులో ఆంధ్రకేసరి అయినా, ఇంకే ప్రైవేటు కాలేజీ అయినా క్లాసు మన చేతిలో ఉండదు, పీరియడ్ల మధ్య అయిదు నిమిషాలు ఉంటాయి. ఆ అయిదు నిమిషాల్లో ఫోను తీయకుండా బయటికి వెళ్లి ఒక అంతస్తు దిగి ఎక్కి రండి. వరసగా రెండు గంటల క్లాసు ఉంటే క్లాస్ రిప్రజెంటేటివ్ ద్వారా సార్‌ని మర్యాదగా అడగండి, "సార్, మధ్యలో రెండు నిమిషాలు లేచి నిలబడతాం" అని. మేం అడిగితే ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు, ఆయనకి కూడా గొంతుకి విశ్రాంతి దొరికిందన్నారు. అడగకుండానే ఒప్పుకోరనుకోవద్దు.

అన్నం తిన్నాక పదిహేను నిమిషాలు

మనది అన్నం తినే జిల్లా. మెస్సులో మధ్యాహ్నం పప్పన్నం, సాంబారన్నం, పెరుగన్నం మూడు వాయిలు తిని నేరుగా మంచమెక్కితే ఆ చక్కెరంతా రక్తంలోనే తిరుగుతుంది. రోజు మొత్తంలో ఒకే ఒక్కసారి నడవడం కుదురుతుందంటే ఆ నడక తిన్న వెంటనే ఉండేట్టు చూసుకోండి. పదిహేను నిమిషాలు, కబుర్లు చెప్పుకునేంత వేగం చాలు. రాత్రి భోజనం తర్వాత మేం నలుగురం హాస్టల్ చుట్టూ ఆరు చుట్లు తిరిగేవాళ్లం, నెల తిరిగేసరికి పదకొండు మంది అయ్యాం. ఒక్కరే అయితే మూడో రోజు మానేస్తారు, కనీసం ఒక్కరినైనా జత చేసుకోండి. పళ్లెం కడగడానికి క్యూ ఉంటే నిలబడే ఉండండి, కూర్చునే చోటు వెతుక్కోకండి.

బస్సు, ఊరు, ఫోను

నెల్లూరులో రూము తీసుకుని రోజూ వెళ్లి వచ్చేవాళ్లు ఒక స్టాపు ముందు దిగండి. మద్రాసు బస్టాండు నుంచి వీఆర్‌సీ సెంటరు దాకా ఆటో ఎందుకు చెప్పండి, ట్రాఫిక్‌లో ఆటో కంటే మీరే ముందు చేరతారు. సాయంత్రం చల్లబడ్డాక రంగనాయకుల గుడి వైపు పెన్న ఒడ్డుకో, స్వర్ణాల చెరువు గట్టుకో వెళ్లి ఫోన్లు జేబులో పెట్టుకుని నడవండి. ఒంగోలు వాళ్లకి ఆదివారం కొత్తపట్నం సముద్రం ఉంది, నెల్లూరు వాళ్లకి మైపాడు ఉంది. అక్కడికి పోయి ఇసుకలో కూర్చుని ఫోటోలు దిగి రావడం కాదు, తడి ఇసుక మీద ఒక గంట నడిచి చూడండి, పిక్కలు ఎంత పని చేస్తాయో మర్నాడు తెలుస్తుంది.

ఫోనుకి ఒకటే నియమం. మాట్లాడాలంటే నడుస్తూ మాట్లాడాలి. ఇంటికి రోజూ ఇరవై నిమిషాలు మాట్లాడతారు కదా, ఆ ఇరవై నిమిషాలూ నడకే. రీల్స్ మానేయమని చెప్తే ఎవరూ వినరని నాకు తెలుసు, నిలబడి చూడండి చాలు. నిలబడి గంటసేపు ఎవరూ చూడలేరు, పది నిమిషాలకి అదే ఆగిపోతుంది.

గేటు మూసేసే హాస్టళ్లలో ఆడపిల్లలకు

ఈ సలహాలన్నీ మగపిల్లల్ని దృష్టిలో పెట్టుకునే ఎక్కువగా రాస్తారు. సాయంత్రం ఆరింటికే గేటు వేసేస్తే చెరువు గట్టూ లేదు, పెన్న ఒడ్డూ లేదు. మా చెల్లెలు హాస్టల్లో వాళ్లేం చేశారంటే, పన్నెండు మంది కలిసి సంతకాలు పెట్టి సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా మేడ మీదికి వెళ్లనివ్వమని వార్డెన్ మేడానికి అర్జీ ఇచ్చారు. మొదట కుదరదన్నారు. పిట్టగోడ ఎత్తుగానే ఉంది, ఒక సీనియర్ బాధ్యత తీసుకుంటుందని రాసిచ్చాక తాళం ఇచ్చారు. మేడ లేకపోతే వరండా ఉంది, మెట్లున్నాయి. రెండంతస్తుల మెట్లు అయిదుసార్లు ఎక్కి దిగితే మంచి శ్రమే. బట్టలు వారానికోసారి గుట్టగా కాకుండా రోజూ రెండు జతలు చేత్తో ఉతుక్కుని మేడ మీద ఆరేస్తే అందులోనే వంగడం, లేవడం, ఎక్కడం, దిగడం అన్నీ ఉన్నాయి.

ఎండల్లో, వానల్లో

రోహిణి కార్తెలో మధ్యాహ్నం బయట నడవమని నేను చెప్పను, వడదెబ్బ తగిలితే మొదటికే మోసం. ఏప్రిల్, మే నెలల్లో నడక పొద్దున ఏడు లోపు, సాయంత్రం ఆరు తర్వాత. మధ్యలో అరగంటకోసారి లేచి నీడలోనే, వరండాలోనే. నవంబరులో వాయుగుండం పట్టి మూడు నాలుగు రోజులు ముసురు పడితే కరెంటు కూడా ఉండదు, అప్పుడు అందరూ మంచాల మీదే ఉండిపోతారు. ఆ రోజుల కోసమే మెట్లు.

పరీక్షలప్పుడు

అన్నీ వదిలేసేది ఇప్పుడే. ఇంటర్నల్స్ అనగానే నడక బంద్, టెన్షన్‌తో పొద్దున్నుంచి అర్ధరాత్రి దాకా మంచం మీదే. పరీక్షల్లో మిగతావన్నీ వదిలేసినా మూడు మాత్రం వదలకండి. చిన్న బాటిల్, పేజీలో పెన్సిలు గీత, రాత్రి తిన్నాక పదిహేను నిమిషాలు. మూడు గంటలు కూర్చుని పరీక్ష రాసి వచ్చాక వెంటనే పేపర్ చర్చకి కూర్చోకండి, నడుస్తూ చర్చించుకోండి.

ఇవన్నీ చేస్తున్నా నడుం నొప్పి కాలిలోకి దిగుతుంటే, తిమ్మిరి గంటల తరబడి వదలకపోతే, ఒక పిక్క ఒక్కటే వాచి నొప్పిగా వేడిగా ఉంటే ఆగకుండా డాక్టరుకి చూపించుకోండి, బామ్ రాసుకుని సెమిస్టర్ అయ్యాక చూద్దామనుకోవద్దు. ఇంట్లో అమ్మకో నాన్నకో షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికోసారి పరగడుపు పరీక్ష చేయించుకోండి, ప్రభుత్వ ఆసుపత్రిలో చేస్తారు.

నాకు ఎనిమిది నెలల తర్వాత మళ్లీ చేయిస్తే 94 వచ్చింది. కాగితం తీసుకెళ్లి అమ్మకి చూపించాను. అంకెలు ఆమెకి అర్థం కాలేదు గానీ, ఫోను మాట్లాడుతూ వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్న నన్ను చూసి "ఒక్కచోట కూర్చుని మాట్లాడలేవంట్రా" అంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని నాతోపాటు వీధి చివరిదాకా తీసుకెళ్లాను.